లేవీయకాండంలోని పొడ, మన ఊళ్లోని మచ్చ

లేవీయకాండము పదమూడు, పద్నాలుగు అధ్యాయాలను సంఘంలో వరుసగా చదివించి ప్రసంగించే పాస్టర్లు బహు తక్కువ. ఒంటి మీద వాపు, మచ్చ, అందులో తెల్లబడిన వెంట్రుక, యాజకుడు వచ్చి చూడటం, ఏడు దినాలు కడగా ఉంచడం, మళ్లీ ఏడు దినాలు... ఆదివారం ఆరాధనలో ఇదంతా చదివితే ముందు వరుసలో కూర్చున్న పిల్లలకే కాదు, పెద్దలకూ ఆవలింతలు వస్తాయి. అయితే ఆ అధ్యాయాల్లోని ఒక్క మాట మాత్రం మన పల్లెల్లో అందరికీ కంఠతా వచ్చు. అది ‘కుష్ఠు’. చదవని అధ్యాయంలోని ఆ మాటే మన నోళ్లలో పడి ఎన్ని కుటుంబాలను విడగొట్టిందో లెక్క కట్టడం కష్టం.

ఓపిక చేసుకుని ఆ రెండు అధ్యాయాలూ ఒకసారి పూర్తిగా చదవండి. అక్కడి పొడ వారం రోజుల్లో వ్యాపించిందో లేదో తెలిసిపోతుంది. వెంట్రుకలు తెల్లబడతాయి. తల మీద, గడ్డంలో అయితే పసుపు పచ్చగా మారతాయి. విచిత్రమేమిటంటే, ఆ పొడ తల నుండి పాదాల దాకా ఒళ్లంతా కమ్మి మనిషి పూర్తిగా తెల్లబడితే యాజకుడు అతణ్ని పవిత్రుడని చెప్పి పంపించేయాలి (లేవీ. 13:12-13). అంతటితో ఆగదు. ఉన్ని బట్టకు, నారబట్టకు, తోలుకు కూడా ఆ పొడ పుడుతుంది. పద్నాలుగో అధ్యాయంలో అయితే ఇంటి గోడకు కూడా పుడుతుంది! పచ్చదాళుగానో ఎర్రదాళుగానో గోడలో పల్లపు చారలు కనబడితే ఆ రాళ్లు ఊడదీయాలి, సున్నం గీకించాలి, ఊరి బయట పారబోయాలి. వానాకాలంలో మన మట్టి గోడలకు పట్టే బూజు, చెమ్మ గుర్తుకు రావడం లేదూ?

ఇప్పుడు ఆ అధ్యాయాల్లో ఏం లేదో కూడా గమనించండి. చర్మం మొద్దుబారి స్పర్శ పోతుందని ఎక్కడా లేదు. వేళ్లు వంకర పోతాయని, పాదాలకు పుండ్లు పడతాయని, కనురెప్పలు మూతపడవని లేదు. ఈనాడు డాక్టర్లు కుష్ఠువ్యాధి అని చెప్పే జబ్బుకు ఇవే అసలు గుర్తులు. ఆ జబ్బులో వెంట్రుకలు తెల్లబడవు. ఏడు దినాల్లో తేడా కనబడే జబ్బు అది కానే కాదు. దాని క్రిమి ఒకటి రెండు కావడానికే దాదాపు రెండు వారాలు పడుతుంది. గోడకు, గొంగళికి అది అసలే రాదు.

మరి ఈ పేరు ఎలా అంటుకుంది? హీబ్రూలో ఉన్న మాట ‘త్సారాత్’. చర్మం మీద, బట్ట మీద, గోడ మీద కనబడే రకరకాల పొడలన్నిటికీ కలిపి ఆచారపరమైన అపవిత్రతను సూచించే మాట అది. క్రీస్తుకు పూర్వమే పాత నిబంధనను గ్రీకులోకి అనువదించిన పండితులు దానికి ‘లెప్రా’ అనే మాట వాడారు. గ్రీకు వైద్యుల భాషలో లెప్రా అంటే పొలుసులు రాలే చర్మవ్యాధి. మనం అనుకునే కుష్ఠువ్యాధికి వాళ్ల పేరు వేరే ఉంది, దాన్ని ‘ఎలిఫాంటియాసిస్’ అనేవారు. మధ్యయుగాల్లో వైద్య గ్రంథాలు అరబ్బీ నుండి లాటిన్‌లోకి వచ్చినప్పుడు పేర్లు కలగాపులగం అయ్యాయి. లేవీయకాండంలోని ‘లెప్రా’, వైద్యుల కుష్ఠువ్యాధి ఒకటైపోయాయి. అక్కడి నుండి ఇంగ్లిషుకు, ఇంగ్లిషు నుండి మన భాషలకు అదే దారి. 2011లో సవరించిన ఎన్.ఐ.వి. ఇంగ్లిషు బైబిలు లేవీయకాండంలో ‘లెప్రసీ’ అనే మాట లేదు, అపవిత్రపరచే చర్మవ్యాధి అనే అర్థం వచ్చే మాట ఉంది. మన తెలుగు బైబిలులో పాత మాటే ఉంది.

పక్షపాతం లేకుండా చెప్పాలంటే, అసలు కుష్ఠువ్యాధి కూడా చాలా పాతదే. రాజస్థాన్‌లోని బలాథల్ దగ్గర తవ్వకాల్లో దొరికిన సుమారు 4000 ఏళ్లనాటి అస్థిపంజరంలో దాని గుర్తులు ఉన్నాయని 2009లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అదే ఏడాది యెరూషలేము దగ్గరి మొదటి శతాబ్దపు సమాధిలోని ఒక మనిషి అవశేషాల్లో ఆ క్రిమి డి.ఎన్.ఏ. దొరికిందని తెలిసింది. అంటే ప్రభువు భూమి మీద నడిచిన రోజుల్లో యూదయలో ఈ జబ్బు ఉన్నవాళ్లు కూడా ఉండి ఉండవచ్చు. సువార్తల్లో మనం చదివే రోగుల్లో ఎవరికి ఏ చర్మవ్యాధో ఇప్పుడు తేల్చి చెప్పగలిగినవారు లేరు. లేవీయకాండం వర్ణించిన పొడ మాత్రం ఇది కాదు.

ఇదంతా సెమినరీ తరగతి గదిలో చెప్పుకునే సంగతి, మాకెందుకు అంటారా? పల్లెల్లో బోధ వేదిక మీద ఏం జరుగుతున్నదో చూడండి. మిర్యాము మోషేకు విరోధంగా మాట్లాడింది, కుష్ఠు వచ్చింది. గేహజీ ఆశపడ్డాడు, వచ్చింది. ఉజ్జియా రాజు గర్వించి ధూపం వేయబోయాడు, నుదుట పుట్టింది. ఈ ముగ్గురినీ వరుసగా నిలబెట్టి ‘కుష్ఠు పాపానికి సాదృశ్యం’ అని గొంతెత్తి చెబుతారు. వినేవాళ్లలో మోచేతి మీద తెల్లమచ్చను చీర కొంగుతో కప్పుకున్న తల్లి ఉంటే ఆ మాట ఆమెకు ఎలా చేరుతుంది? ‘నేనేం పాపం చేశాను తండ్రీ’ అనుకుంటూ మచ్చను మరింత దాచుకుంటుంది. అదే బైబిలులో నయమాను కూడా ఉన్నాడు. అతనికి ఆ రోగం ఏ పాపం వల్ల వచ్చిందని ఎక్కడా రాయలేదు. షోమ్రోను గుమ్మం దగ్గర కూర్చున్న నలుగురు రోగులూ ఉన్నారు. ఆకలితో చస్తున్న పట్టణానికి శుభవార్త మోసుకెళ్లింది వాళ్లే. బేతనియలో కుష్ఠురోగియైన సీమోను ఇంట ప్రభువు భోజనానికి కూర్చున్నాడు. పుట్టు గుడ్డివాణ్ని చూసి ఎవరు పాపం చేశారని శిష్యులడిగితే ఆయన ఆ ప్రశ్ననే తోసిపుచ్చాడు. ఆ ముగ్గురి మీద ఉన్నన్ని ప్రసంగాలు వీళ్ల మీద ఎందుకు లేవో మన పాస్టర్లే చెప్పాలి.

మా కొడకండ్ల వైపు పెద్దవాళ్లు దీన్ని ‘పెద్దరోగం’ అంటారు. పేరెత్తడానికి కూడా భయం. ఇక్కడ మగ్గం మీద బతికినవాళ్లున్నారు, తాళ్లెక్కేవాళ్లున్నారు, పొలం పనికి పోయేవాళ్లున్నారు, సూరత్, భివండీ మిల్లులకు వలసపోయి పండక్కి వచ్చేవాళ్లున్నారు. అందరూ చేతులనే నమ్ముకున్నవాళ్లు. మచ్చ కనబడగానే మొదట అది శోభి అనుకుంటారు. మెడికల్ షాపులో ఏదో ట్యూబు కొని రాస్తారు. తగ్గకపోతే బొల్లి అనుకుంటారు. దురద లేదు, నొప్పి లేదు, ఇక తొందరేముంది? ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉంటే ఆ మచ్చ సంగతి గడప దాటదు. రెండేళ్లు, మూడేళ్లు గడిచిపోతాయి. చిటికెన వేలు, పక్కవేలు ముడుచుకోవడం మొదలైనప్పుడు, అన్నం ముద్ద కలుపుకోవడం కష్టమైనప్పుడు ఆసుపత్రి గుర్తొస్తుంది. మందు అప్పుడూ పనిచేస్తుంది, క్రిమి చస్తుంది. ముడుచుకున్న వేలు మాత్రం మాత్రలతో తిరిగి తెరుచుకోదు.

ఈ జబ్బుకు కారణం ఒక బాక్టీరియా అని 1873లో నార్వే దేశంలోని బెర్గెన్ పట్టణంలో గెర్హార్డ్ ఆర్మర్ హాన్సెన్ అనే డాక్టరు కనుగొన్నాడు. అప్పటిదాకా వంశపారంపర్యమని కొందరు, దైవశాపమని కొందరు అనేవారు. ఇది క్షయ క్రిమికి దగ్గరి చుట్టం. చర్మంలోను, చర్మానికి స్పర్శనిచ్చే నరాల్లోను కాపురం పెడుతుంది. ఒంట్లో చల్లగా ఉండే చోట్లంటే దానికి ఇష్టం. అందుకే చెవి తమ్మెలు, ముక్కు, చేతులు, కాళ్ల మీద ఎక్కువగా కనబడుతుంది. పరిశోధకులను ఇంతగా ఏడిపించిన క్రిమి మరొకటి లేదేమో. ప్రయోగశాలలో గాజు పళ్లెంలో దాన్ని పెంచడం ఈనాటికీ ఎవరి వల్లా కాలేదు. 1960లో ఎలుకల పాదాల్లో, 1971లో అమెరికాలోని ఆర్మడిల్లో అనే జంతువులో పెంచగలిగిన తర్వాతనే మందులను సరిగ్గా పరీక్షించడం వీలైంది.

చికిత్స తీసుకోని రోగితో చాలాకాలం దగ్గరగా ఉంటే ముక్కు, నోటి తుంపర్ల ద్వారా ఇది సోకుతుంది. షేక్‌హ్యాండ్ ఇచ్చినందువల్ల, పక్కన కూర్చున్నందువల్ల రాదు. సోకినా నూటికి దాదాపు 95 మందిలో శరీరమే దాన్ని అణచివేస్తుంది. మిగిలిన కొద్దిమందిలో బయటపడటానికి సగటున ఐదేళ్లు పడుతుంది, ఇరవై ఏళ్లు పట్టినవారూ ఉన్నారు. అందుకే ఎవరి దగ్గర నుండి వచ్చిందో ఎవరికీ తెలియదు. తెలియని చోటే శాపమనే మాట సులువుగా మొలుస్తుంది.

వేళ్లు కుళ్లి ఊడిపోతాయన్నది మరో అపోహ. దీన్ని పటాపంచలు చేసినవాడు డాక్టర్ పాల్ బ్రాండ్. తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు 1914లో పుట్టి, 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి సర్జనుగా వచ్చాడు. తుప్పు పట్టిన తాళాన్ని తాను తిప్పలేకపోతే, ఒక కుర్రాడు ముందుకొచ్చి బలంగా తిప్పేశాడట. చూస్తే వాడి వేలు ఎముక కనబడేలా తెగింది, రక్తం కారుతోంది. వాడికి తెలియనే తెలియదు! నొప్పి తెలియకపోవడమే వేళ్లను తినేస్తున్నదని బ్రాండ్ గ్రహించాడు. కొందరికి రాత్రి పడుకున్నప్పుడు ఉన్న వేలి ముక్క తెల్లారేసరికి ఉండేది కాదు. కాపలా కాసి చూస్తే ఎలుకలు కొరుకుతున్నాయని తేలింది. ఇళ్లకు వెళ్లే రోగులకు పిల్లినిచ్చి పంపడం అక్కడి వైద్యంలో భాగమైంది. బాగా పనిచేస్తున్న కండర తంతువును దారి మళ్లించి ముడుచుకుపోయిన వేళ్లకు కలిపే ఆపరేషన్‌ను ఆయన వెల్లూరులో అభివృద్ధి చేశాడు. చెయ్యి తెరుచుకున్న మనిషికి పని దొరకాలని వడ్రంగం వంటి పనులు కూడా నేర్పించాడు. నొప్పి కూడా దేవుని వరమేనని ఆయన జీవితాంతం చెప్పేవాడు. నొప్పి తగ్గాలనే మనం చేసుకునే ప్రార్థనల మధ్య ఆ మాట కాస్త వింతగానే ఉంటుంది.

వెల్లూరు దాకా ఎందుకు, మన తెలంగాణలోనే నిజామాబాదు పక్కన డిచ్‌పల్లి ఉంది. స్కాట్లండులో 1875లో పుట్టిన డాక్టర్ ఇసబెల్ కెర్, భర్త జార్జి కెర్‌తో కలిసి వెస్లియన్ మెథడిస్టు మిషను తరఫున 1907లో నిజాము రాజ్యానికి వచ్చింది. ఊళ్ల బయటికి గెంటివేసిన రోగులను చూసి నిజామాబాదులో చిన్న ఆశ్రయం మొదలుపెట్టింది. అది చాలలేదు. అప్పుడు ఆదుకున్నవాడు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఆయనిచ్చిన సొమ్ముతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి వెలిసింది. మిషనరీ చరిత్ర రాసేటప్పుడు మనవాళ్లు ఈ దాత పేరును ఒక వాక్యంలో దాటేస్తారు. అది న్యాయం కాదు.

ఆ రోజుల్లో ఉన్న మందు ఒక్కటే, చాల్మోగ్రా జాతి చెట్ల గింజల నూనె. మన ఆయుర్వేదంలో ‘తువరక’ పేరుతో ఎప్పటి నుండో ఉన్నదే. తాగితే కడుపులో నిలిచేది కాదు, వాంతి అయ్యేది. కలకత్తాలో డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ దాన్ని సూదిమందుగా ఇచ్చే పద్ధతుల మీద పరిశోధన చేశాడు. 1920ల్లో ఇసబెల్ కెర్ డిచ్‌పల్లిలో ఆ చికిత్సను పెద్ద ఎత్తున అమలు చేసింది. 1923లో ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1932లో ఆమె కన్నుమూసింది. ఆ నూనె కొందరికి మేలు చేసింది, చాలామందికి చేయలేదు. అయినా ఇంటి నుండి గెంటేస్తే చచ్చేదాకా ఉండే చోటు అనుకున్నది, చికిత్స చేసి ఇంటికి పంపే చోటుగా మారడం డిచ్‌పల్లిలో జనం కళ్లతో చూశారు.

డిచ్‌పల్లిలో పనిచేసిన మరో డాక్టరు జాన్ లో. ఇక్కడి నుండి కలకత్తాకు, ఆ తర్వాత ఆఫ్రికాలోని నైజీరియాకు వెళ్లాడు. ఈలోగా 1941లో అమెరికాలోని కార్విల్ ఆసుపత్రిలో డాక్టర్ గై ఫాజెట్ సల్ఫోన్ జాతి మందును నరానికి ఇంజెక్షన్‌గా ఇచ్చి మొట్టమొదట ఈ జబ్బును నిజంగా తగ్గించాడు. ఆ జాతికి చెందిన డాప్సోన్‌ను తమిళనాడులోని చెంగల్పట్టులో డాక్టర్ రాబర్ట్ కాక్రేన్ ఇంజెక్షన్ ద్వారా వాడి చూశాడు. నైజీరియాలో జాన్ లో దాన్ని చిన్న మోతాదులో నోటి మాత్రగా ఇచ్చి, అది క్షేమంగా పనిచేస్తుందని 1950 ప్రాంతంలో నిరూపించాడు. చవకైన మాత్ర! ఊరూరా సైకిలు మీద తీసుకెళ్లి పంచగలిగే మందు అలా దొరికింది. కొన్నేళ్లకు క్రిమి ఆ ఒక్క మందుకు లొంగడం మానేసింది. అందుకే 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్ మందులను కలిపి వాడాలని సిఫారసు చేసింది. దీన్నే బహుళ ఔషధ చికిత్స, ఎం.డి.టి. అంటారు. అప్పటి నుండి ప్రపంచంలో 1.6 కోట్ల మందికి పైగా ఈ చికిత్స పొందారు.

ఈ చికిత్స ఆరు నెలలు లేదా పన్నెండు నెలలు. మచ్చలు ఐదు లోపు ఉంటే ఆరు నెలలు, అంతకు మించితే ఏడాది. నెలకొకసారి ఆరోగ్య కార్యకర్త ఎదుట ఒక మోతాదు, తక్కిన రోజుల్లో ఇంట్లో. ఖర్చు పైసా లేదు. మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఆ మనిషి నుండి ఇంకొకరికి సోకే ప్రమాదం పోతుంది. రెండు సంగతులు ముందే తెలుసుకుంటే భయపడరు. నెలవారీ మోతాదు వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా వస్తుంది, అది రక్తం కాదు, మందు రంగు. క్లోఫాజిమిన్ వల్ల ఒళ్లు నల్లబడుతుంది, చికిత్స ముగిశాక నెమ్మదిగా తగ్గుతుంది.

మూడో సంగతి మాత్రం పెద్దది. చికిత్స మధ్యలోనో, అయిపోయిన తర్వాతనో కొందరికి మచ్చలు ఒక్కసారిగా ఎర్రబడి ఉబ్బుతాయి, నరాలు లాగుతాయి, జ్వరం వస్తుంది. దీన్ని రియాక్షన్ అంటారు. మందు పడలేదని, రోగం ముదిరిందని అనుకుని మాత్రలు పారేసేది ఇక్కడే. నిజానికి చచ్చిన క్రిమి మీద శరీరం చేసే యుద్ధం అది. మాత్రలు ఆపకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళితే ప్రెడ్నిసొలోన్ వంటి మందుతో నరాన్ని కాపాడవచ్చు. ఆలస్యమైతే చెయ్యి పడిపోతుంది. సరిగ్గా ఇదే సమయంలో కొందరు స్వస్థత కూటాలకు తీసుకెళతారు. మాత్రలు మింగడం అవిశ్వాసమని అక్కడ ఎవరైనా బోధిస్తే, అతడు తీసేస్తున్నది ఆ మనిషి వేళ్లను. ప్రార్థన చేయవద్దని ఏ పాస్టరూ అనడు. ప్రభువు ఒక రోగిని ముట్టి బాగుచేసిన తర్వాత ఏం చేశాడో మార్కు మొదటి అధ్యాయంలో చదవండి. నేరుగా సాక్ష్యం చెప్పడానికి వేదిక ఎక్కించలేదు. ఎవరితోనూ చెప్పకుండా వెళ్లి యాజకుడికి ఒళ్లు చూపించుకోమన్నాడు. ఆ కాలంలో పరీక్ష చేసి తేల్చి చెప్పే అధికారం యాజకుడిది.

2005 డిసెంబరులో మన దేశం కుష్ఠువ్యాధిని ‘ప్రజారోగ్య సమస్యగా’ నిర్మూలించినట్లు ప్రకటించింది. పదివేల మందిలో ఒకరి కంటే తక్కువ మందికి ఉందని దాని అర్థం. జనం మాత్రం జబ్బే పోయిందని అర్థం చేసుకున్నారు. ఇప్పటికీ ఏటా ప్రపంచంలో కొత్తగా బయటపడే కేసుల్లో సగానికి పైగా మన దేశానివే, సుమారు లక్ష. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. పిల్లలకు వస్తున్నదంటే ఇంట్లోనో ఇరుగుపొరుగులోనో చికిత్స లేకుండా ఎవరో దాచుకుంటున్నారన్నమాట. ఇంట్లో ఒకరికి ఉన్నట్లు తేలితే తక్కినవారికి ఒకే ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది. బంగ్లాదేశ్‌లో చేసిన పెద్ద పరిశోధనలో రెండేళ్లలో అది కొత్త కేసులను సగానికి పైగా తగ్గించిందని 2008లో వెల్లడైంది. హైదరాబాదులో చర్లపల్లిలోని బ్లూ పీటర్ పరిశోధన కేంద్రం ఈ జబ్బు మీద, క్షయ మీద ఏళ్ల తరబడి పనిచేస్తోంది. అయితే రోగి పేరు బయటికి వస్తేనే కదా ఇంట్లోవాళ్లకు ఆ మోతాదు అందేది!

దాచుకోవడానికి చట్టం కూడా తన వంతు చేసిందని చాలామందికి తెలియదు. 1898 నాటి కుష్ఠురోగుల చట్టం 2016లో గాని రద్దు కాలేదు. క్రైస్తవ వివాహాలకు వర్తించే 1869 విడాకుల చట్టాన్ని 2001లో సవరించారు. నయం కాని కుష్ఠు ఉంటే విడాకులు అడగవచ్చని అందులో చేర్చారు. అప్పటికి ఎం.డి.టి. వచ్చి దాదాపు ఇరవై ఏళ్లు! 2019లో పార్లమెంటు ఆ చట్టంతో సహా ఐదు చట్టాల నుండి దాన్ని తొలగించింది. కాబట్టి భార్యకో భర్తకో మచ్చ వచ్చిందని పంచాయితీకి వచ్చే కుటుంబం ఉంటే, ఆ కారణం ఇక చెల్లదని సంఘ పెద్దలు వాళ్లకు చెప్పాలి. ప్రభు సంస్కారం రోజు చికిత్స తీసుకుంటున్న సహోదరుణ్ని చివర్లో వేరే గిన్నెతో తీసుకోమనే చోట్లు కూడా ఉన్నాయి. వైద్యశాస్త్రం ప్రకారం దానికి ఏ ఆధారమూ లేదు. వాక్యంలో వెతికేవారు లేవీయకాండం దగ్గరికే వెళతారు, అక్కడి పొడ ఏమిటో పైన చూశాం.

ఇప్పటికే స్పర్శ పోయినవాళ్లకు జబ్బు తగ్గిన తర్వాత కూడా జీవితాంతం పని ఉంటుంది. రోజూ అరగంట కాళ్లూ చేతులూ నీళ్లలో నానబెట్టాలి. గట్టిపడిన చర్మాన్ని నున్నని రాయితో రుద్ది, తడి ఆరకముందే నూనె రాయాలి. పాదాల అడుగున చిన్న బొబ్బ అయినా ఉందేమో సాయంత్రం చూసుకోవాలి, చూపు ఆనకపోతే ఇంట్లో మరొకరు చూడాలి. టీ గ్లాసును గుడ్డతో పట్టుకోవాలి. పొయ్యి మీద గిన్నెను ఒట్టి చేత్తో దించకూడదు. ఎం.సి.ఆర్. అనే మెత్తని రబ్బరు చెప్పులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ఊళ్లో ముసలాయనకు ఆ చెప్పులు తెచ్చిపెట్టి, వారానికోసారి ఆయన పాదాలు తిప్పి చూసే యౌవనస్థుల సంఘం ఏదైనా ఉంటే, వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవడానికి ఈ పాస్టరు సిద్ధం.

మచ్చ ఉన్నవాళ్లు చేయాల్సింది చాలా చిన్న పని. పాలిపోయినదైనా, రాగి రంగుదైనా సరే, దురద లేకుండా, చెమట పట్టకుండా, స్పర్శ తెలియకుండా ఉంటే ఆశా కార్యకర్తకు గాని, మండల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని చూపించుకోవాలి. మచ్చ లేకున్నా చెవి తమ్మెలు దళసరిగా మారినా, ముఖం నూనె రాసినట్లు మెరుస్తూ గడ్డలు కట్టినా, చేతులు కాళ్లు తిమ్మిరెక్కినా వెళ్లాలి. అక్కడ సూదులు, కోతలు ఉండవు. కళ్లు మూసుకోమంటారు. పెన్ను కొనతో ఒంటి మీద అక్కడక్కడ తాకుతారు. ఎక్కడ తాకారో వేలితో చూపించమంటారు. మోచేతి వెనక నరం ఉబ్బిందేమో పట్టి చూస్తారు. చాలామందికి అది శోభి మచ్చేనని తేలుతుంది, ఊపిరి పీల్చుకుని ఇంటికి వస్తారు. కాదని తేలినవాళ్లకు మొదటి నెల మాత్రల అట్ట అక్కడే చేతిలో పెడతారు.